ఇంటి కొవ్వొత్తికి ఏ మైనం మేలు?

విద్యుద్దీపం ఇంటింటికీ వచ్చిన తరువాత కొవ్వొత్తికి కాలం చెల్లినదని మనం అనుకొంటూ ఉంటాము. కాని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయిన రాత్రి మన చేయి మొదట వెదకునది దానినే. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలైన పేటలను ముంచివేసినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదతో పరుగులు తీసినప్పుడు, విజయవాడలో అనేక కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు. మేడమీదికి చేరి తలదాచుకొన్న కుటుంబాలకు చేతి ఫోనులో ఛార్జింగు ఒక పూటతో ముగిసినది. ఆ మీదట వెలుగు అనగా అగ్గిపెట్టె, కొవ్వొత్తి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగిన నాటి సంగతి పెద్దలను అడిగినా ఇదే మాట చెబుతారు. డెల్టాలో నివసించువారికి కొవ్వొత్తి అలంకార వస్తువు కాదు. బియ్యపు డబ్బా పక్కన ఉండవలసిన వస్తువు.

ఆపద సమయం మాట అటుంచి, పండుగ సమయం చూచినా అంతే. గుణదల కొండకు ఏటా ఫిబ్రవరి ఉత్సవాలలో వచ్చు యాత్రికుల చేతులలో కొవ్వొత్తులే. షబే బరాత్ రాత్రి, దర్గాల ఉరుసులలో, క్రిస్మస్ నాడు, దీపావళి నాడు కూడ దీని అవసరం కలదు. కావున ఇది తక్కువ పెట్టుబడితో ఇంటిలో కూర్చుని చేయదగిన పనియని స్వయంఉపాధి శిక్షణలలో తరచుగా బోధిస్తారు. అచ్చులు పోయుట ఒక దినములో నేర్పవచ్చును. కాని ఆ అచ్చులో పోయవలసిన మైనం ఏది అన్న ప్రశ్నకు మాత్రం సాధారణంగా "బజారులో దొరుకునది" అన్న సమాధానమే వస్తుంది. ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క ప్రశ్నను తీసుకొంటున్నాము.

ఒక ఇంటి అనుభవం

మేమెరిగిన ఒక కుటుంబం కలదు. తల్లి కుట్టుపని చేస్తుంది, కుమార్తె చదువుకొంటున్నది. ఇద్దరూ కలసి కొంత అప్పు తెచ్చి కొవ్వొత్తుల పని మొదలుపెట్టినారు. చవకగా వచ్చినదని ఒక దుకాణదారు మాట నమ్మి మెత్తని మైనం కొన్నారు. మాఘ ఫాల్గుణ మాసాలలో సరుకు బాగుగనే అమ్ముడైనది. ఆ ఉత్సాహంతో వేసవికి ముందే పెద్ద మొత్తంలో పోసి, రేకుల కప్పు క్రింద గదిలో పెట్టెలకెత్తి నిలువచేసినారు. మే నెల మొదటి వారంలో పెట్టెలు తెరచి చూడగా కొవ్వొత్తులన్నీ విల్లువలె వంగి, ఒకదానికొకటి అంటుకొని, పైన జిడ్డు చెమటవలె పట్టియున్నవి. అంతకుముందు అంగళ్ళకు వేసిన సరుకు కూడ తిరిగివచ్చినది. మైనాన్ని మరల కరగించవచ్చును. కాని వత్తులు, వంటచెరకు, రెండు నెలల శ్రమ తిరిగిరావు. అప్పు మాత్రం అట్లే ఉన్నది.

ఆ తల్లీకూతుళ్ళ పనితనంలో లోపమేదియు లేదు. వారికి ఎవరూ ఒక ప్రశ్న నేర్పలేదు: ఈ మైనం ఎన్ని డిగ్రీల వద్ద కరుగుతుంది? ఉర్దూలో ఎటు తిప్పిన అటు తిరుగు మనిషిని "మోమ్ కీ నాక్" అంటారు, అనగా మైనపు ముక్కు. తెలుగులో మనసు మైనంవలె కరిగినదంటాము. రెండు భాషలవారికీ మైనపు మెత్తదనం తెలుసును. మైనాలలోని తారతమ్యం మాత్రం తెలిసినవారు తక్కువ.

పేరులోనే చరిత్ర

మన రెండు భాషలు ఈ వస్తువుకు పెట్టిన పేర్లు గమనింపదగినవి. కొవ్వువత్తి అన్న మాటయే కొవ్వొత్తి అయినది. అనగా జంతువుల కొవ్వుతో చేసిన దీపం. ఉర్దూలో మోమ్‌బత్తీ, పారసీక భాష నుండి వచ్చిన మోమ్ అను మాటకు మూలార్థం తేనెపట్టు మైనం. పూర్వం ప్రపంచమంతటా ఉన్న రెండు తరగతుల కొవ్వొత్తులు ఈ రెండు పేర్లలో నిలిచియున్నవి. పేదవాని ఇంట కొవ్వు మండినది. అది పొగ, దుర్గంధం, జిడ్డు. ధనవంతుల భవనాలలోను, ప్రార్థనా మందిరాలలోను, ముషాయిరాలలో కవి ముందు ఉంచు శమాలోను తేనెపట్టు మైనం మండినది.

ఈ అంతరం పందొమ్మిదవ శతాబ్దంలో తొలగినది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ కొవ్వులను విడగొట్టి అందులోని గట్టి ఆమ్లాలను వేరు చేసినాడు. 1825లో గేలుసాక్‌తో కలసి వాటితో కొవ్వొత్తులు చేయుటకు హక్కుపత్రం పొందినాడు. అదే సంవత్సరం కాంబసెరెస్ అనునాతడు జడవలె అల్లిన నూలు వత్తిని కనిపెట్టినాడు. అది మండుచు ప్రక్కకు వంగి తానే బూడిద అగును గనుక మాటిమాటికి వత్తి కొన కత్తిరించు బాధ తగ్గినది. 1830లో రైషెన్‌బాహ్ పారఫిన్‌ను వేరుచేసినాడు. 1850లో జేమ్స్ యంగ్ బొగ్గు నుండి పారఫిన్ నూనె తీయు పద్ధతికి హక్కు పొందినాడు. తరువాత పెట్రోలియం నుండి పారఫిన్ చవకగా రాసాగినది. 1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీకి కొవ్వొత్తులు ముఖ్యమైన సరుకు. మన కోరంగి రేవు నుండి పొట్టచేత పట్టుకొని వెళ్ళి అక్కడ కోరంగీలు అనిపించుకొన్న తెలుగువారు రంగూను నగరంలో చూచిన వెలుగులలో అది ఒకటి. మన దేశంలో అస్సాంలోని డిగ్బాయ్ శుద్ధి కర్మాగారం 1901లో మొదలైనది. అక్కడి మైనం చిరకాలంగా ప్రసిద్ధం.

మండునది ఏది?

మైనం ఎన్నుకొనుటకు ముందు కొవ్వొత్తి ఎట్లు మండునో తెలియవలెను. మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవులలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికలకు చేసిన ఉపన్యాసాలు ఆరూ కొవ్వొత్తి మీదనే. అందులోని సారం ఇది: మండునది వత్తి కాదు, గట్టి మైనం కూడ కాదు, మైనపు ఆవిరి. మంట వేడికి చుట్టునున్న మైనం కరిగి చిన్న గిన్నెవంటి మడుగు కట్టును. ఆ ద్రవం కేశనాళికీయత వలన నూలు వత్తిలోనికి ఎగబ్రాకి, పైన ఆవిరియై మండును. ఇంటిలో దీనిని చూపవచ్చును. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, లేచిన తెల్లని పొగకు అగ్గిపుల్ల చూపితే మంట పొగవెంట దిగివచ్చి వత్తిని అంటుకొనును.

కావున మంచి మైనానికి మూడు గుణాలు కావలెను. మంట దగ్గర సులభంగా కరుగవలెను. మంటకు దూరంగా గట్టిగా నిలువవలెను. ఆవిరియైనప్పుడు శుభ్రంగా మండవలెను. మొదటి రెండు గుణాలు పరస్పరం పోట్లాడుకొనునవి. శీతల దేశాలవారికి మెత్తని మైనం పనికివచ్చును. మే నెలలో 45 డిగ్రీల సెంటీగ్రేడును తాకు విజయవాడలో, అంతకన్న వేడెక్కు రేకుల గదులలో, రెండవ గుణానికే పెద్దపీట వేయవలెను. పుస్తకాలలోను, విదేశీ సలహాలలోను ఉన్న మైనపు పేర్లను మన ఊరి ఎండలో నిలబెట్టి చూడనిదే స్వీకరింపరాదు.

పారఫిన్: అందరికీ అందునది

ఇప్పుడు ఇంటి పరిశ్రమలో ఎక్కువగా వాడునది పారఫిన్ మైనం. ఇది ముడిచమురు శుద్ధిలో కందెన నూనెలు తీయునప్పుడు వచ్చు పదార్థం. ఇరవై మొదలు నలుబది వరకు కర్బన పరమాణువులు గొలుసుగా ఉన్న హైడ్రోకార్బన్ల మిశ్రమం. డిగ్బాయ్‌తో పాటు చెన్నై సమీపాన మణలి కర్మాగారం, 2015 నుండి అస్సాంలోని నుమాలీగఢ్ కర్మాగారం దీనిని తయారుచేస్తున్నవి. ఇతర దేశాల నుండి దిగుమతి కూడ కలదు.

పారఫిన్ అన్నది ఒక్క వస్తువు కాదు, ఒక కుటుంబం. అందులో రెండు భేదాలు చూడవలెను. మొదటిది కరుగు ఉష్ణోగ్రత, అనగా ద్రవీభవన స్థానం. వ్యాపారంలో దీనిని 58-60 వంటి అంకెలతో చెబుతారు. రెండవది మైనంలో మిగిలియున్న నూనె. పూర్తిగా శుద్ధి చేసిన మైనంలో నూనె నూటికి అర పాలు మించదు. సగం శుద్ధి అయినదానిలో అంతకు కొన్ని రెట్లు ఉండును. శుద్ధికి ముందరి ముడి మైనంలో ఇంకను చాలా ఎక్కువ. ధర తగ్గుచున్నకొద్దీ నూనె పెరుగుచున్నదని గ్రహించవచ్చును. ఆ నూనెయే వేసవిలో చెమటవలె పైకి వచ్చునది, మసి పెంచునది, కొవ్వొత్తిని మెత్తబరచునది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. మైనం 58 డిగ్రీలకు కరుగునప్పుడు 45 డిగ్రీల ఎండలో ఎందుకు వంగవలెను? పారఫిన్ స్ఫటికాలు కరుగుటకు సుమారు 10 నుండి 20 డిగ్రీల ముందే తమ అమరికను మార్చుకొని మెత్తబడును. ఆ దశలో మైనం గట్టిగా కనిపించుచునే తన బరువుకు తాను వంగును. కరుగు అంకెకు, గది వేడికి మధ్య పది పన్నెండు డిగ్రీల ఎడము ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని దీని భావం. మన ప్రాంతంలో నిలువుగా నిలబడు కొవ్వొత్తికి పూర్తిగా శుద్ధి చేసిన 58-60 రకం కనీసపు మెట్టు. వేసవి నిలువకు 60 పైబడిన రకం మంచిది. ఏ రకమైనను దానికి తోడు కావలెను. ఆ తోడు స్టియరిక్ ఆమ్లం.

స్టియరిక్ ఆమ్లం: వెన్నెముక

షెవ్రోల్ కొవ్వు నుండి తీసినది ఇదే. బజారులో దొరుకు స్టియరిక్ ఆమ్లం సాధారణంగా స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల మిశ్రమం. తెల్లని రేకులుగాగాని, పలుకులుగాగాని ఉండును. సుమారు 55 డిగ్రీల వద్ద గట్టిపడును. దాని అంకె పారఫిన్ కన్న తక్కువగదా, అది బలమెట్లు ఇచ్చునని అడుగవచ్చును. ఇచ్చట పని చేయునది అంకె కాదు, బిగువు. పారఫిన్ మెత్తబడు దశలో ఇది దానిని వంగనీయకుండ పట్టి నిలుపును. నూరు పాళ్ళ మిశ్రమంలో పది పాళ్ళు దీనిని చేర్చినచో కొవ్వొత్తి వంగుట తగ్గును, పాలవలె తెల్లనగును, అచ్చునుండి సులభంగా విడివడును. ఆమ్లం గనుక రాగి, ఇత్తడి పాత్రలు వాడరాదు. వాడినచో మైనం పచ్చబారును. అల్యూమినియం అచ్చులు, స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు యుక్తం.

దీనికి పుట్టిల్లు రెండు విధాలు: జంతువుల కొవ్వు, పామ్ నూనె. రసాయన దృష్టిలో రెండింటి ఆమ్లమూ ఒక్కటే. కాని కొవ్వొత్తి మసీదుకు, మందిరానికి, చర్చికి, శాకాహారి ఇంటికి కూడ పోవు వస్తువు. కావున శాకమూలమైనదని లిఖితపూర్వకంగా తెలుపు సరఫరాదారు వద్దనే కొనుట వ్యాపార ధర్మం, పొరుగు ధర్మం కూడ. ఆయిల్‌పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందున్నది. ఆ పంటకు జాతీయ పరిశోధన కేంద్రం 1995లో వెలసినది మనకు దగ్గరలోని ఏలూరు ప్రక్కన పెదవేగిలోనే.

తేనెపట్టు మైనం: గౌరవనీయమైనది, కాని ఖరీదైనది

దివ్య ఖురాన్‌లో పదహారవ సూరా పేరు అన్ నహల్, అనగా తేనెటీగ. ఆ ఈగ తన పొట్ట క్రింది గ్రంథుల నుండి మైనపు రేకులు స్రవించి గూడు కట్టును. ఒక కిలో మైనం తయారుకు అది ఆరు నుండి ఎనిమిది కిలోల తేనె ఖర్చు చేయునని పెంపకందారులు లెక్క చెబుతారు. ఆ ఒక్క లెక్కతోనే దాని ధర అర్థమగును. ఇది 62 నుండి 65 డిగ్రీల మధ్య కరుగును. మన ఎండకు బాగుగా తట్టుకొనును. మంచి వాసనతో నెమ్మదిగా మండును. కరిగిన మైనం చిక్కగా ఉండును గనుక దీనికి కొంచెం లావు వత్తి కావలెను.

ఖరీదు ఉన్నచోట కల్తీ ఉండును. తేనెపట్టు మైనంలో పారఫిన్ కలిపి అమ్ముట అరుదు కాదు. ప్రయోగశాలలో దీనిని సులభంగా పట్టవచ్చును. తేనెపట్టు మైనపు సాంద్రత సుమారు 0.96, పారఫిన్‌ది సుమారు 0.90. స్పిరిటును నీటితో కలిపి సాంద్రత 0.95 వచ్చునట్లు సరిచేసి, గాలిబుడగలు లేని చిన్న ముక్కను అందులో వేయవలెను. స్వచ్ఛమైనది మునుగును, పారఫిన్ ఎక్కువగా కలిసినది తేలును. తొలిదశలో ఉన్న ఇంటి పరిశ్రమకు ఈ మైనం తగదు. కోరి కొనువారికి చిన్న కొవ్వొత్తులు చేయుటకే దీనిని వాడుట మంచిది.

సోయా మైనం: గాజు గిన్నెలో మాత్రమే

ఈనాడు యువతలో ఎక్కువ మాట వినవచ్చునది సోయా మైనం. 1990 దశకం ఆరంభంలో అమెరికాలో ఇది కొవ్వొత్తులకు ప్రచారంలోనికి వచ్చినది. సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరచగా వచ్చునది. మన వంటిండ్లలో ఒకనాడు రాజ్యమేలిన వనస్పతికి ఇది అన్నవంటిది. వాసన బాగుగా పట్టును; మొక్క నుండి వచ్చినదన్న తృప్తి కలదు. కాని గిన్నెలలో పోయుటకు అమ్ము రకాలు సుమారు 45 నుండి 55 డిగ్రీలకే కరుగును. అనగా మే నెల మధ్యాహ్నం విజయవాడలో మూసిన రేకుల గది దానికి పొయ్యితో సమానం. పుల్లవలె నిలబెట్టు కొవ్వొత్తికి ఇది పనికిరాదు. మందమైన గాజు గిన్నెలో పోసి, చలికాలంలో అమ్ముకొనువారికి నిక్షేపంగా పనికివచ్చును.

పారఫిన్ పొగ విషమనియు, మొక్కల మైనానికి పొగయే లేదనియు కొందరు ప్రచారం చేస్తారు. ఈ మాటలో అతిశయోక్తి ఎక్కువ. శుద్ధమైన మైనం ఏదైనను మసి ముఖ్యంగా వత్తి పొడవును, గాలి విసురును బట్టి వచ్చును. వత్తిని అర సెంటీమీటరుకు మించకుండ కత్తిరించి, గాలివాటు లేనిచోట ఉంచినచో మసి చాలావరకు తగ్గును. మూసిన గదిలో ఏ మంటయైనను గాలిని చెడగొట్టును గనుక కిటికీ కొంచెం తెరచియుంచుట అన్నిటికీ వర్తించును.

మన తవుడులోని మైనం

కృష్ణా డెల్టా వరిసీమ. వడ్లు ఆడించగా వచ్చిన తవుడు నుండి నూనె తీస్తారు. ఆ ముడి నూనెలో స్వభావసిద్ధంగా కొంత మైనం ఉండును. దానిని చల్లార్చి వడగట్టనిదే వంటనూనె నిర్మలం కాదు. వడగట్టగా మిగిలినదానిని శుద్ధిచేస్తే తవుడు మైనం. ఇది సుమారు 77 నుండి 82 డిగ్రీల వరకు కరుగనిది. పైన చెప్పినవాటన్నిటికన్న గట్టిది. ఒంటరిగా పోసినచో పెళుసుగా ఉండి పగుళ్ళు తేలును. కాని పారఫిన్‌లో కొద్దిపాళ్ళు కలిపినచో వేసవి తట్టుకొను శక్తి పెరుగును. నూటికి ఐదు పాళ్ళతో ప్రారంభించి, మంట సరిగా నిలుచుచున్నదో లేదో చూచి పాళ్ళు నిర్ణయించుకొనవలెను. మన పొలంలో పండిన వరి నుండి మన ఎండకు మందు దొరకుట చదువుకొన్న పిల్లలు ఆలోచింపదగిన విషయం.

కొనుటకు ముందు నాలుగు పరీక్షలు

పెద్ద మొత్తంలో కొనుటకు ముందు పావుకిలో నమూనా తెచ్చి ఈ నాలుగు పరీక్షలు చేయవలెను. వీటికి ఇంటర్మీడియట్ ప్రయోగశాలలోని పరికరాలు చాలును.

ఒకటి, చల్లార్చు పరీక్ష. పరీక్షనాళికలో మైనం కరగించి, ఉష్ణమాపకం ఉంచి, చల్లారుచుండగా అర నిమిషానికొకసారి అంకె వ్రాసుకొనవలెను. ఒకచోట అంకె దిగుట మందగించి దాదాపు ఆగిపోవును. గడ్డకట్టునప్పుడు విడుదలయగు గుప్తోష్ణం దీనికి కారణం. ఆ అంకెయే మైనం గడ్డకట్టు ఉష్ణోగ్రత. దుకాణదారు చెప్పిన అంకెతో దీనిని పోల్చి చూడవలెను.

రెండు, నూనె పరీక్ష. పలుచని మైనపు బిళ్ళను రెండు వడపోత కాగితాల మధ్య ఉంచి, పైన బరువు పెట్టి, ఒక రాత్రి వెచ్చని చోట ఉంచవలెను. ఉదయానికి కాగితం మీద జిడ్డు మరక విస్తరించినచో ఆ మైనం వేసవికి పనికిరాదు.

మూడు, వంపు పరీక్ష. చేసిన కొవ్వొత్తిని సగభాగం బల్ల అంచుకు బయట ఉండునట్లు అడ్డంగా పెట్టి, మొదలుపై బరువు ఉంచి, మధ్యాహ్నమంతా సరుకు నిలువచేయు గదిలోనే వదలవలెను. సాయంత్రానికి కొన వంగినదా, లేదా అన్నది కంటికే కనిపించును. పైన చెప్పిన కుటుంబం ఈ ఒక్క పరీక్ష చేసియున్నను అప్పుపాలు కాకపోవును.

నాలుగు, మంట పరీక్ష. కొవ్వొత్తిని తూచి, ఒక గంట వెలిగించి, ఆర్పి మరల తూచవలెను. ఎన్ని గ్రాములు తరిగినదో అదే దాని గంట ఖర్చు.

గంట వెలుగు లెక్క

ఈ నాలుగవ పరీక్షనుండే వ్యాపారపు లెక్క పుట్టును. రెండు సెంటీమీటర్ల వ్యాసం, పదిహేను సెంటీమీటర్ల పొడవు గల కొవ్వొత్తి ఘనపరిమాణం సుమారు 47 ఘన సెంటీమీటర్లు. పారఫిన్ సాంద్రత 0.90 గనుక బరువు సుమారు 42 గ్రాములు. కిలో మైనానికి ఇరువది మూడు కొవ్వొత్తులు. గంటకు ఆరు గ్రాములు తరిగినచో ఒక్కొక్కటి ఏడు గంటలు వెలుగును. వేరొక చవక మైనం కారిపోవుచు గంటకు పది గ్రాములు తరిగినచో నాలుగు గంటలకే అయిపోవును. కిలో ధర పోల్చుకొని రెండవది లాభమనుకొన్నవాడు నష్టపోవును. కొనువాడు కొనునది మైనం కాదు, గంటల వెలుగు. వరద రాత్రి కొవ్వొత్తి నాలుగు గంటలు నిలుచునా, ఏడు గంటలు నిలుచునా అన్నది చిన్న సంగతి కాదు. దీనికి వత్తి, వంటచెరకు, పొట్లపు కాగితం, విరిగినవి, చేసినవారి కూలి కలుపుకొనవలెను. ఇంటి ఆడవారి శ్రమకు కూలి వేయకుండ చూపు లాభం నిజమైన లాభం కాదు.

నిప్పుతో నియమం

మైనం నూనె వంటిదని మరువరాదు. దానిని నేరుగా మంటమీద పెట్టరాదు. పెద్ద గిన్నెలో నీరు పోసి, అందులో మైనపు గిన్నె ఉంచి కాచవలెను. అప్పుడు మైనం నూరు డిగ్రీలు దాటదు. సుమారు 70 నుండి 80 డిగ్రీల వద్ద అచ్చులో పోయవచ్చును. చల్లారునప్పుడు పారఫిన్ పదవ వంతుకు పైగా కుంచించుకొనును గనుక వత్తి చుట్టు గుంట పడును. రెండవసారి పోసి పూడ్చవలెను. పొరపాటున మైనం అంటుకొనినచో నీరు ఎన్నడును పోయరాదు. మండు మైనంపై నీరు పడగానే ఆవిరియై మంటను ఇల్లంతా చిమ్మును. గిన్నెపై మూతవేసి పొయ్యి ఆర్పివేయవలెను. చంటిపిల్లలు తిరుగు వంటగదిలో ఈ పని చేయరాదు. పలుచని గాజు గ్లాసులలోను, ప్లాస్టిక్ గిన్నెలలోను కొవ్వొత్తి పోసి అమ్మరాదు.

తుదిమాట

పైన చెప్పినదంతయు కూడితే ఫలితం ఇది. మన డెల్టాలో నిలువు కొవ్వొత్తికి పూర్తిగా శుద్ధి చేసిన, 58 డిగ్రీలకు తక్కువ కాని పారఫిన్ తొంబది పాళ్ళు, శాకమూలమైన స్టియరిక్ ఆమ్లం పది పాళ్ళు. వేసవి నిలువకు ఇంకను గట్టి పారఫిన్‌గాని, కొద్దిగా తవుడు మైనంగాని. గాజు గిన్నెకు సోయా. కోరినవారికి తేనెపట్టు మైనం. ఏది కొన్నను ముందుగా నమూనా, పిదప పరీక్ష, ఆ పిదపనే పైకం.

విద్యార్థులు ఈ పరీక్షలను తమ ఇండ్లకు, ఇరుగుపొరుగుకు చేరవేయవలెనని మా కోరిక. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. నెలకొక శనివారం మధ్యాహ్నం రసాయన ప్రయోగశాల తలుపులు తెరచి, ఇంటి పరిశ్రమలు నడుపు తల్లులు తెచ్చిన మైనపు నమూనాలను మన విద్యార్థులచేత ఉచితంగా పరీక్షింపజేయవచ్చును. ఒక ఉష్ణమాపకం, పది పరీక్షనాళికలు, కొన్ని వడపోత కాగితాలు తప్ప ఖర్చు లేదు. పిల్లలకు గుప్తోష్ణం పాఠం కంటికి కనబడును. ఒక ఇంటికి అప్పు తప్పును. మేము పైన చెప్పిన కుటుంబం ఇప్పుడు మరల పని మొదలుపెట్టినది. ఈసారి ఆ అమ్మాయి దుకాణంలో ధర అడుగుటకు ముందు మైనం అంకె అడిగినదట. దుకాణదారు లోపలికి పోయి సంచిమీది చీటీ చదివి వచ్చి చెప్పినాడట.